పొయ్యి నంబరు రెండు

గుమ్మడిపాలెం పాలకేంద్రంలో ఉన్న ఫ్యాట్ మిషన్‌కు తొందర అంటే ఏమిటో తెలియదు. చిన్న గ్లాసుడు పాలు దాని గొట్టం కింద పెడితే, ముందు వాటిని లోపలికి పీల్చుకుని, తాపీగా వెచ్చబెట్టుకుని, వాటిలో వెన్న ఎంతుందో ఆలోచించి, ఆ ఆలోచన తెమిలాక నెత్తిమీద పచ్చ లైటు వెలిగించేది. వేసవిలో అయితే ఇరవై సెకన్లు. మంచు పడే రోజుల్లో పాలు చల్లగా వస్తాయి కనుక ఇంకో ఏడెనిమిది.

దాని ఎదురుగా బల్లమీదున్న కంప్యూటర్ స్వభావం వేరు. వేసవైనా, మంచైనా, ఇరవై సెకన్లు కాగానే చెయ్యి చాచి "లెక్క ఏదీ?" అనేది.

ఈ రెంటి మధ్యా కుర్చీ వేసుకుని కూర్చునేది నూకరత్నం. ఇంటర్ పాసైంది, ఇరవై ఏళ్ళది. ఎవరైనా కాస్త గట్టిగా పేరు పెట్టి పిలిస్తే, తనేదో తప్పు చేసిందేమోనని లేచి నిలబడే రకం. ఆ ఊళ్ళో ఎనభై రెండు ఇళ్ళవాళ్ళు తెల్లారి ఐదున్నరకు క్యాన్లతో వచ్చి వరస కడతారు. ఏడున్నరకు జిల్లా పాల సహకార యూనియన్ వారి ట్యాంకర్ వస్తుంది, పాలు ఎక్కించుకుంటుంది, పోతుంది. ఆ రెండు గంటల్లో ఎనభై రెండు క్యాన్లూ తూచి, పరీక్ష చేసి, వెన్నను బట్టి డబ్బు వచ్చే స్లిప్పులు ఇచ్చి పంపడం ఆమె ఉద్యోగం.

డిసెంబరు మొదటి వారంలో పేచీ మొదలైంది. వరహాలమ్మ గేదె పాలు చిక్కనివి. గరిట నిలబడుతుందని ఊరంతా చెప్పుకుంటారు. అప్పలకొండ పాలల్లో చేపపిల్లను వదిలితే హాయిగా బతికేస్తుందనీ చెప్పుకుంటారు. అలాంటిది, ఆ వారంలో అప్పలకొండకు వెన్న ఎనిమిది వచ్చింది. వరహాలమ్మకు మూడున్నర.

"ఒలే రత్నం, ఇదేటే?" అని వరహాలమ్మ స్లిప్పు ఊపింది. "నా గేదె తవుడు తింటంది, తెలగపిండి తింటంది. ఆడి గేదె బోరింగు కాడ నీళ్ళు తాగుతంది. దానికి ఎనిమిదీ, దీనికి మూడున్నరా?"

"మిషన్ చెప్పింది కదా అత్తా, నన్నంటావేటి?" అన్నాడు అప్పలకొండ. అతను రెండు రోజులుగా మరీ పొద్దున్నే వచ్చి వరహాలమ్మ వెనకాలే నిలబడడం నూకరత్నం గమనించింది. ఎందుకో మాత్రం అర్థం కాలేదు. మర్నాడు మిషన్ వైపే కళ్ళప్పగించి చూస్తే అర్థమైంది. పచ్చ లైటు వెలగకముందే స్లిప్పు వచ్చేస్తోంది! మిషన్ ఇంకా ఆలోచిస్తూనే ఉంది. కంప్యూటర్ అప్పటికే అడిగేసింది. కొత్త లెక్క లేక మిషన్ పాత లెక్కే దాని చేతిలో పెట్టింది. ఎవరి వెన్న వాళ్ళ వెనకవాళ్ళకు పోతోంది.

పట్నంలో ఉన్న ప్రోగ్రామర్ ఫణీంద్రకు ఫోన్ చేసింది.

"కరెక్టే కనిపెట్టావమ్మా," అన్నాడతను. "కంప్యూటర్‌కీ మిషన్‌కీ మధ్య మాట్లాడే చిన్న ప్రోగ్రాం ఒకటుంటుంది, డ్రైవర్ అంటాం. అది తొందరపడుతోంది. ముప్పై సెకన్లు ఆగమని మార్చేస్తాను. అసలు పద్ధతి ఏంటంటే, అయిందా అయిందా అని చూస్తూ ఉండి, పచ్చ లైటు వెలగ్గానే తీసుకోవాలి. అదీ రాసి పెట్టాను. తెర మీద మూలన 'టైము' అనీ 'లైటు' అనీ రెండు గళ్ళుంటాయి. కానీ 'లైటు' నొక్కాలంటే మీ యూనియన్ ఆఫీసు ఆర్డరుండాలి. అప్పటిదాకా 'టైము'లో ఉంచు."

నూకరత్నం 'టైము'లో ఉంచింది. ముప్పై సెకన్లు ఆగడం మొదలయ్యాక వరహాలమ్మ వెన్న వరహాలమ్మకే వచ్చింది. అప్పలకొండ నీళ్ళు అప్పలకొండకే వచ్చాయి. కథ అక్కడితో అయిపోవలసిందే. కానీ ఆ నెల తనిఖీకి సూపర్‌వైజర్ జోగారావు గారు వచ్చారు.

జోగారావు గారు చేతి గడియారం కేసి, నూకరత్నం చేతుల కేసి మార్చి మార్చి చూశారు.

"అమ్మాయ్, ఏం చేస్తున్నావు?"

నూకరత్నం లేచి నిలబడింది. "ఆగుతున్నానండీ."

"ఎంతసేపు?"

"ముప్పై సెకన్లండీ."

"ఎవరి ఉత్తర్వు మీద?"

ముప్పై సెకన్ల ఆగుట అనే వ్యవహారం యూనియన్ ప్రాంగణంలో, యూనియన్ సమయంలో, యూనియన్ యంత్రం ఎదుట, ఏ కాగితమూ లేకుండా జరిగిపోతోంది. జోగారావు గారికి చెమట పట్టింది. ఆ సాయంత్రమే ఆయన ఫైలు తెరిచారు.

ఫైలుకో ధర్మం ఉంది. ఆగే సమయం తగ్గించి, ఏదైనా పొరపాటు జరిగితే, తగ్గించినవాడు సంజాయిషీ ఇచ్చుకోవాలి. పెంచినవాణ్ణి ఇంతవరకు ఎవరూ ఏమీ అడగలేదు. కనుక జోగారావు గారు "ముప్పై సమంజసమే, అయినను ముందుజాగ్రత్తగా నలుబది ఐదు" అని రాసి పైకి పంపారు. ఏరియా ఆఫీసరు దాన్ని ఒక నిమిషం చేశారు. బేసి లెక్కలు ఆడిటులో ఇబ్బంది పెడతాయట. సాంకేతిక విభాగం వారు చలిగాలుల నిమిత్తం అర నిమిషం కలిపారు. విజిలెన్సు వారు ఏదీ నమ్మరు కనుక మొత్తాన్ని రెట్టింపు చేశారు. న్యాయ సలహాదారు గారు, ఎవరినైనా లెక్క అడిగే ముందు వారికి తగినంత వ్యవధి ఇవ్వడం సహజ న్యాయమనీ, యంత్రమైనంత మాత్రాన దానికి ఆ హక్కు లేకుండా పోదనీ రెండు పేజీలు రాసి, రెండు నిమిషాలు చేర్చారు. అలా ఐదు నిమిషాలైన ఫైలు, చివరికి ఏడుగురు సభ్యులున్న నిరీక్షణ ప్రమాణాల సంఘం ముందుకు వెళ్ళింది. ఏడుగురు సభ్యులుండగా ఐదు నిమిషాలేమిటని ఇద్దరు అలిగారు. మనిషికో నిమిషం చొప్పున ఏడు ఖాయం చేశారు.

ఉత్తర్వు వచ్చింది. జోగారావు గారే తెచ్చి, వరసలో అందరికీ వినబడేలా చదివారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సదరు యంత్రమును ప్రారంభించిన పిదప ఏడు నిమిషముల కాలము పూర్తియగు వరకు దానిని ముట్టరాదు, అడుగరాదు. సదరు కాలమందు ఆపరేటరు ఇతర పనులేవియు చేయక, ఒకటి మొదలు నాలుగు వందల ఇరువది వరకు బిగ్గరగా లెక్కించుచుండవలెను. లెక్కకు అంతరాయము కలిగినచో తిరిగి ఒకటి నుండి ప్రారంభింపవలెను."

"నాలుగొందల ఇరవయ్యా!" వరహాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "లెక్క సరిగ్గానే ఏసినారు, బాబూ."

"ఇంకొక ముఖ్య విషయం," అన్నారు జోగారావు గారు, నవ్వులు అణిగాక. "ఏ సెంటర్ నుంచైనా సగం పాలైనా ఎక్కకుండా మూడుసార్లు ట్యాంకర్ వెళ్ళిందంటే, నాలుగో రోజు నుంచి ట్యాంకర్ రాదు. సెంటర్ మూసేస్తాం. ఇది పాత రూలే."

ఆ సెంటర్ మూస్తే ఇంకో సెంటర్ పదకొండు కిలోమీటర్ల దూరం. క్యాను నెత్తిన పెట్టుకుని వెళ్ళే దూరం కాదు.

మర్నాడు ఐదున్నరకు నూకరత్నం మిషన్ మీట నొక్కి, గొంతు సవరించుకుని, "ఒకటి, రెండు, మూడు..." అంది. పచ్చ లైటు ఇరవై ఎనిమిది దగ్గర వెలిగింది. వెలిగి, ఎవరూ పట్టించుకోకపోతే, అలాగే వెలుగుతూ నిలబడింది. నూకరత్నం దాని కేసి చూడకుండా లెక్కపెట్టింది. నూట తొంభై దగ్గర వెనకెవరో "ఏమే రత్నం, మీ అమ్మకి జ్వరం తగ్గిందా?" అన్నారు. అలవాటు కొద్దీ "తగ్గిందండీ" అనేసింది.

"అంతరాయం," అన్నారు జోగారావు గారు. మళ్ళీ ఒకటి.

ఏడున్నరకు ట్యాంకర్ వచ్చేసరికి పదిహేను మంది పాలు ఎక్కాయి. మిగతా అరవై ఏడు క్యాన్లూ ఎండెక్కేదాకా వాకిట్లో కూర్చుని, మధ్యాహ్నానికి పుల్లగా విరిగిపోయాయి. ఆ పూట ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ విరుగుడు పాలకోవాయే. పిల్లలు మాత్రం ఉత్తర్వు చాలా బాగుందన్నారు.

నూకరత్నం ఆ మధ్యాహ్నం ఒక అర్జీ రాసింది. జీవితంలో ఆమె రాసిన మొదటి అర్జీ. మూడు కాగితాలు చింపి నాలుగోదాని మీద రాసింది. "అయ్యా, మిషన్ పని అయిపోగానే దానంతటదే పచ్చ లైటు వెలుగుతుంది. అది చూసి తీసుకుంటే సరిపోతుంది. ఒకరోజు ఇరవై సెకన్లు, ఒకరోజు ముప్పై అయినా తప్పు రాదు. దయచేసి 'లైటు' నొక్కడానికి అనుమతి ఇప్పించగలరు."

జవాబు రెండు రోజుల్లోనే వచ్చింది. ఆ రెండు రోజులూ ట్యాంకర్ రిపేరుకు వెళ్ళి రాలేదు. లేకపోతే మూడుసార్లూ అప్పుడే అయిపోయేవి.

"తమ అర్జీ పరిశీలింపబడినది. తన పని పూర్తయినదని తానే ధ్రువీకరించుకొను అధికారము మన సంస్థలో ఏ ఉద్యోగికిని లేదు. ఉద్యోగికి లేని అధికారమును యంత్రమునకు కల్పించుట సాధ్యపడదు. అదియునుగాక, ఒక్క ఫ్యాట్ యంత్రమునకే వ్యవధి ఇచ్చి ఇతర పరికరములకు ఇవ్వకపోవుట వివక్ష యని తమ అర్జీ వలన సంఘము దృష్టికి వచ్చినది. కావున రేపటి నుండి కాటా, స్లిప్పుల ప్రింటరు, పొయ్యి మున్నగు అన్ని పరికరములకును ఏడేసి నిమిషములు వర్తించును." కింద జనరల్ మేనేజర్ గారి సంతకం.

పొయ్యి అంటే పరీక్ష సీసాలు కడగడానికి వేడినీళ్ళు కాచుకునే గ్యాస్ పొయ్యి. దాని సంగతి సరే. మనిషికి కాటా ఏడు, మిషన్ ఏడు, ప్రింటరు ఏడు. నూకరత్నం స్లిప్పు వెనక లెక్క వేసింది. ఎనభై రెండు మందికి ఇరవై ఎనిమిది గంటల నలభై రెండు నిమిషాలు. మళ్ళీ వేసింది. అదే వచ్చింది. రోజుకు ఇరవై నాలుగు గంటలే ఉండడం యూనియన్ తప్పు కాదు.

మర్నాడు ఐదుగురి పాలు ఎక్కాయి. రెండోసారి.

"అర్జీ రాయమని నీకెవరు సెప్పేరే?" అంది వరహాలమ్మ, ఖాళీ ట్యాంకర్ దుమ్ము లేపుకుంటూ పోతుంటే. "ఏడుండేది, ఇరవై ఒకటి సేసినావు." తిట్టినట్టే అంది గానీ, అన్నాక ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి, పక్కన కూర్చుని వీపు నిమిరింది. "ఊరుకో. రేపు ఆ పెద్దాయనెవరో వస్తాడంట కదా. నోరిప్పి సెప్పు."

"నాకు మాట రాదు పెద్దమ్మా."

"రాకపోతే ఎలాగే? రేపటితో సరి."

పెద్దాయన అంటే జనరల్ మేనేజర్ గారు. కొత్త విధానం అమలును స్వయంగా వీక్షించి, 'నిరీక్షణయే నాణ్యత' అని రాసిన బోర్డు ఆవిష్కరించడానికి మర్నాడు పొద్దున్న ఆరింటికి వచ్చారు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. వెనక జోగారావు గారు, ఆయన వెనక ఫైళ్ళు. బోర్డు ఆవిష్కరించారు. చప్పట్లు కొట్టింది జోగారావు గారొక్కరే. మిగతావాళ్ళ చేతుల్లో క్యాన్లున్నాయి.

"భేష్," అన్నారు జనరల్ మేనేజర్ గారు, బారెడు వరస చూసి. "ఎంత క్రమశిక్షణ! ఎవరూ కదలడం లేదు."

"కదిలే వీలు లేదు బాబూ," అంది వరహాలమ్మ.

"చలిగా ఉంది. ముందు ఒక కప్పు టీ తాగి మొదలుపెడదాం. మన సెంటర్ పాలతోనే."

జోగారావు గారు కళ్ళతో సైగ చేశారు. వరహాలమ్మ తన క్యానులోంచి గిన్నెడు చిక్కటి పాలు పోసి పొయ్యి మీద పెట్టింది. నూకరత్నం పొయ్యి వెలిగించింది. వెలిగించి, వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని, "ఒకటి, రెండు, మూడు..." అంది.

జనరల్ మేనేజర్ గారు చిరునవ్వు నవ్వారు. ఉత్తర్వును ఇంత శ్రద్ధగా పాటించే సిబ్బంది ఉండడం తన అదృష్టమన్నారు. నూరు దాటింది. కాస్త తగ్గు స్వరంతో, టీ పొడి వేస్తారేమోనని అడిగారు. ఏడు నిమిషాలలోపు ముట్టరాదన్నారు జోగారావు గారు. నూట ఎనభై. పాల అంచుల చుట్టూ చిన్న చిన్న బుడగలు మొదలయ్యాయి. రెండు వందల పది. మీగడ మధ్యలో ఉబ్బింది.

"అమ్మాయ్," అన్నారు జనరల్ మేనేజర్ గారు. "వస్తోంది."

"రెండొందల పదమూడు, రెండొందల పద్నాలుగు..."

"వస్తోందమ్మా, పొంగు వస్తోంది! మంట తగ్గించు!"

"రెండొందల పదహారు..."

వరసలో అందరూ మెడలు చాచారు. పాలు గిన్నె అంచు దాకా లేచాయి. ఒక్క క్షణం అక్కడ ఆగాయి, పర్మిషన్ కోసం ఆగినట్టు. తర్వాత బుస్సుమని పొంగి, పొయ్యి మీదుగా బల్ల మీదికి, బల్ల మీంచి ఫైళ్ళ మీదికి, ఫైళ్ళ మీంచి తెల్ల బూట్ల మీదికి పారాయి.

"ఆపండీ! కనబడడం లేదా? పొంగింది కదా, కళ్ళ ముందే!"

నూకరత్నం లెక్క ఆపింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఒక పెద్ద ఆఫీసరు మొహంలోకి సూటిగా చూసింది. మాట వచ్చింది.

"కనబడుతోందండీ. కానీ తన పని అయిపోయిందని తానే చెప్పుకునే అధికారం పొయ్యికి లేదు కదండీ. మీరే సంతకం పెట్టారండీ. ఇప్పుడు మాట్లాడేశాను కాబట్టి మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాలండీ. ఒకటి, రెండు..."

"ఆగు!" జనరల్ మేనేజర్ గారు బూటు విదిలించారు. "జోగారావ్, ఆ ఉత్తర్వు రద్దు!"

"సంఘం ఉత్తర్వు రద్దు చేసే అధికారం తమరికి లేదు సార్. మినహాయింపు ఇవ్వచ్చు."

"అయితే పొయ్యికి మినహాయింపు! ఈ క్షణం నుంచి! రాయండి!"

జోగారావు గారు తడవని కాగితం వెతుక్కుని రాశారు. అప్పుడు నూకరత్నం, నేల చూపులు చూస్తూనే, ఇంకో మాట అడిగింది.

"పొయ్యి అంటే ఏదండీ? రేపు ఎవరైనా అడిగితే చెప్పాలి కదండీ."

జోగారావు గారి మొహం వికసించింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక కింది ఉద్యోగి ఆయన్ను నిర్వచనం అడగడం అదే మొదలు. ఛాతీ నిండా గాలి పీల్చి, పలుకుతూ రాశారు: "పొయ్యి యనగా, పాల సంబంధమైన పనియందు వినియోగింపబడుచు, తన పని పూర్తియైన సంగతిని చూచువారి కంటికి గాని చెవికి గాని స్వయముగా తెలియపరచు పరికరము. అట్టి పరికరము పూర్తియైనట్లు తెలియపరచిన తక్షణమే దానిని ముట్టవచ్చును, అడుగవచ్చును." జనరల్ మేనేజర్ గారు చదవకుండా సంతకం చేసి, బూట్లు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళారు.

గోడ గడియారం ఆరూ ఇరవై ఐదు చూపిస్తోంది.

నూకరత్నం పరికరాల రిజిస్టరు తెరిచింది. 'పొయ్యి' అని ఉన్నచోట పక్కన 'నం. 1' అని చేర్చింది. ఫ్యాట్ మిషన్ పేరు కొట్టేసి 'పొయ్యి నం. 2' అని రాసింది. పచ్చ లైటు కంటికి తెలియపరుస్తుంది. అంకెలు కదలడం మానేసి తెలియపరిచే కాటా 'పొయ్యి నం. 3' అయింది. గిర్రుమని ఆగి చెవికి తెలియపరిచే ప్రింటరు 'పొయ్యి నం. 4'. జోగారావు గారు కళ్ళజోడు సవరించుకుని తన నిర్వచనాన్ని రెండుసార్లు చదువుకున్నారు. లోపం కనబడలేదు. పొయ్యిలు కావని రాయాలంటే నిర్వచనం తప్పని రాయాలి. రిజిస్టరు మీద పొడి అక్షరాలతో సంతకం పెట్టారు.

నూకరత్నం తెర మీద మూలన 'లైటు' నొక్కింది.

"రా పెద్దమ్మా, గబగబా!"

ఇరవై ఆరు సెకన్లకు లైటు, చేతిలో స్లిప్పు. తర్వాతి క్యానుకు ఇరవై ఎనిమిది, ఆ తర్వాత ఇరవై ఏడు. మిషన్ ఆలోచిస్తున్నంతసేపూ ఆమె ఇంకో క్యాను తూచింది. అప్పలకొండ అలవాటుగా వరహాలమ్మ వెనకాలే నిలబడ్డాడు. అతనికి అతని వెన్నే వచ్చింది. "ఇదేటే రత్నం, ఇంత తొందరైతే ఎలాగ?" అని గొణిగాడు. ఎండ తగిలేకొద్దీ పాలు వెచ్చబడ్డాయి, లైటు ఇంకాస్త ముందే వెలిగింది. ఏడూ ఇరవై ఎనిమిదికి ఎనభై రెండో స్లిప్పు చేతికందింది, ఏడున్నరకు పాలన్నీ ట్యాంకర్ ఎక్కాయి. డ్రైవరు మూత బిగించి, "ఏటమ్మా, ఇయ్యాల నిండిపోయింది!" అన్నాడు. వరహాలమ్మ పోతూ పోతూ నూకరత్నం జడ పట్టుకుని చిన్నగా లాగింది.

తర్వాతి నెల నుంచి గుమ్మడిపాలెం సెంటర్‌కు నాలుగు గ్యాస్ సిలిండర్లు రావడం మొదలైంది. నాలుగు పొయ్యిలు కదా. నూకరత్నం మూడింటిని నెల నెలా వాపసు చేసింది. మూడు పొయ్యిలు గ్యాసే లేకుండా రోజుకు ఎనభై రెండు మంది పాల పని చూస్తున్నాయన్న వార్త యూనియన్ ఆఫీసులో గుప్పుమంది. మార్చిలో ఇంధన పొదుపు బహుమతి ఆ సెంటర్‌కే ఇచ్చారు.

వేదిక మీద జనరల్ మేనేజర్ గారు, ఈసారి నల్ల బూట్లతో, మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు. "చెప్పమ్మా. ఇంత గొప్పగా పని చేయించడంలో రహస్యం ఏమిటి?"

నూకరత్నం తల దించుకుంది. "రహస్యం ఏం లేదండీ. అయిందో లేదో చూస్తూ ఉంటామండీ. అవగానే తీసుకుంటామండీ."

అంత సూక్ష్మమైన ఆలోచన సంస్థలో ఇదివరకెవరికీ రాలేదని జనరల్ మేనేజర్ గారు అక్కడికక్కడే ప్రకటించారు. ఇకపై అన్ని సెంటర్లలోనూ చూస్తూ ఉండాలన్నారు. సదరు చూచుట ఎంతసేపు జరగవలెనో నిర్ణయించడానికి ఏడుగురు సభ్యులతో ఒక సంఘం వేశారు.